అరవై ఒక్క పేర్లు, ఒక ఇంజనీరు

ఇంజనీరుగారికి ఆ బిరుదు ఇచ్చింది మామగారు. అంతకుముందు అందరూ ఆయన్ని ఇంకాయన అనేవాళ్ళు. ఖాళీ అయిపోయిన ప్రింటరు డబ్బాల్లో సిరంజితో ఇంకు ఎక్కించడం ఆయన బతుకుతెరువు. ఎన్ని సబ్బులు అరగదీసినా కుడిచేతి వేళ్ళ సందుల్లో నలుపు వదిలేది కాదు. సంబంధం మాట్లాడడానికి వచ్చిన మామగారు ఆ వేళ్ళ వంక చూసి, "ఏం చేస్తుంటావు బాబూ?" అని అడిగితే, "కంప్యూటర్ లైనండీ" అన్నారట. మామగారు హెడ్మాస్టరు. కనిపించిన తప్పునల్లా దిద్దడం ఆయనకి అలవాటు. లైను అన్నదాన్ని ఇంజనీరింగు అని దిద్ది, ఆ దిద్దిన ప్రతినే చుట్టాలందరికీ పంచిపెట్టారు. అల్లుడు కాదనలేదు. పెద్దవాళ్ళ మాట కాదనడం ఆయన పద్ధతి కాదు.

పదేళ్ళు గడిచేసరికి ఇంకు వెనకబడి సాఫ్ట్‌వేరు ముందుకొచ్చింది. బజారు వీధిలో మందుల షాపు మీద, ఇనప మెట్లెక్కి వెళితే ఒకటే గది. గదికి అడ్డంగా ఒక బీరువా. బీరువాకి ఇవతల భార్య కుట్టుమిషను, కత్తిరింపు బల్ల. అవతల ఇంజనీరుగారి రెండు కంప్యూటర్లు. భార్య కొత్త బట్టలు కుట్టదు. కొనుక్కొచ్చిన చొక్కాలకి చేతులు కురచ చెయ్యడం, ప్యాంట్ల నడుము వదులు చెయ్యడం, చిరుగుని చిరుగని తెలియకుండా కలపడం ఆవిడ పని.

బీరువా అవతలి నుంచి లోకంలోకి వచ్చిన సాఫ్ట్‌వేరు పేరు విద్యాసింధు 7.0. లైబ్రరీల్లో ఏ పుస్తకం ఏ అరలో ఉంది, ఎవరు పట్టుకెళ్ళారు, ఎప్పుడు తెచ్చివ్వాలి, అన్నీ చూసుకుంటుంది. ఏడు ఎందుకంటే, ఒకటి అంటే ఎవరూ కొనరు. మొదటి ఆరూ ఏమయ్యాయని ఇంతవరకూ ఎవరూ అడగలేదు.

అసలు అది ఓపెన్ సోర్స్ సాఫ్ట్‌వేరు. ఎక్కడెక్కడివాళ్ళో, ఒకరి మొహం ఒకరు చూడనివాళ్ళు, ఉద్యోగాల నుంచి వచ్చి సాయంత్రాలు కూర్చుని రాసి, కావలసినవాళ్ళు ఊరికే తీసుకోండి అని నెట్‌లో పెట్టారు. ఇంజనీరుగారు తీసుకున్నారు. ఆకుపచ్చ తెరని నీలం చేశారు. తెరవగానే వచ్చే బొమ్మ తీసేసి, స్టూడియోవాళ్ళ కోటు తొడుక్కుని దిగిన తన ఫోటో పెట్టారు. "తయారుచేసినవారు" అనే పేజీలో అరవై ఒక్క పేర్లుంటే అన్నిటినీ ఒక్క మీటతో చెరిపి తన పేరొక్కటీ పెట్టారు. పేజీ మరీ బోసిగా కనిపించడంతో పేరు సైజు పెంచారు. ఫోటో కింద ఎర్రటి అక్షరాలతో ఒక హెచ్చరిక: "అనుమతి లేకుండా కాపీ చేయుట నేరము." ఆ వాక్యాన్ని కూడా ఆయన ఇంకెక్కడినుంచో కాపీ చేశారు.

కొన్నవాళ్ళకి ఒక కార్డు మీద పన్నెండు అంకెల తాళం నంబరు రాసిచ్చేవారు. ఏ పన్నెండు అంకెలు కొట్టినా తాళం తెరుచుకునేది. ఒక స్కూల్లో గుమాస్తా కార్డు పోగొట్టుకుని తన ఫోన్ నంబరుకి రెండు సున్నాలు తగిలించి కొట్టాడు. అది తెరుచుకుంటే, "నా నంబరు కూడా ముందే ఎక్కించి పెట్టారా సార్, మీ తెలివే తెలివి" అని మెచ్చుకున్నాడు. ఇంజనీరుగారు చిన్నగా నవ్వి ఊరుకున్నారు.

ఇదంతా తెలిసిన మనిషి ఒక్కతే, బీరువాకి ఇవతల.

"ఊరికే వచ్చినదాన్ని అమ్మితే తప్పేంటి?" అనేవారాయన, ఎవరూ అడగకుండానే. "నీళ్ళు ఊరికే వస్తాయి. సీసాల్లో పోసి అమ్మట్లేదూ?"

"అమ్ముతున్నారు," అనేది భార్య, నోట్లో గుండుసూదులతో. "నీళ్ళు మేమే కనిపెట్టామని సీసా మీద ఫోటో వేసుకోవట్లేదు."

సొమ్మొకరిది సోకొకరిది అన్న సామెత ఆవిడ పైకి అనలేదు గానీ, మిషను చక్రం తిప్పే తీరులో వినిపించేది.

ఒక్క మాట ఒప్పుకోవాలి. అమ్మేసి చేతులు దులుపుకునే మనిషి కాదు ఇంజనీరుగారు. ప్రింటరు కాగితం మింగిందంటే స్కూటరు మీద వచ్చేవారు. వానైనా వచ్చేవారు. సెంట్రల్ లైబ్రరీలో పనిచేసే లైబ్రేరియన్ మేడమ్‌కి మౌసు పట్టుకోవాలంటే భయం. అది ఎక్కడికో జారిపోతుందని రెండు చేతులతో నొక్కిపట్టేది. ఆవిడ పక్కన మూడు వారాలు కూర్చుని, ఒక్కసారి కూడా విసుక్కోకుండా నేర్పారు. ఇదంతా ఆయన లెక్కలో పని కాదు. బిల్లు అడుగున ప్రతిసారీ "సర్వీసు ఫ్రీ" అని కొట్టేవారు. అలా కొట్టడంలో ఒక పెద్దరికం ఉండేది.

మామగారు రిటైరయ్యాక ఊళ్ళోని లైబ్రరీల కమిటీకి అధ్యక్షులయ్యారు. సెంట్రల్‌లో విద్యాసింధు పెట్టించింది ఆయనే. ఎక్కడ సభ జరిగినా లేచి, "మా ఇంజనీరుగారు స్వయంగా సృష్టించినది" అని చెప్పేవారు. ఇప్పుడు పన్నెండు బ్రాంచి లైబ్రరీలకీ దాన్నే కొనాలనీ, సృష్టికర్తగా అల్లుడి పేరు తీర్మానంలోకి ఎక్కించాలనీ ఆయన సంకల్పం. మీటింగు తేదీ ఖాయమైంది. పన్నెండు బ్రాంచీలంటే ఇంజనీరుగారికి మూడేళ్ళ తిండి. తీర్మానంలో పేరంటే జీవితాంతం ఇంజనీరే.

మీటింగులో కమిటీ పనితనం కనపడాలి కదా. అందుకని మామగారు లైబ్రేరియన్ మేడమ్‌ని పిలిచి, గడువు దాటిన పుస్తకాలన్నిటికీ నోటీసులు పంపమన్నారు. ఆవిడ మీట నొక్కింది. నలభై మూడు నోటీసులు వచ్చాయి. నలభై మూడూ పోస్టు చేసింది. అందులో ఒకటి పొరుగూరికి పోతోందని ఆవిడకి తట్టలేదు. చెప్పిన పని చెప్పినట్టు చేసే మనిషి.

వారం తిరక్కుండా మేడమ్ నుంచి ఫోను. "సార్, ఒకావిడ వచ్చారు. మన దగ్గర లేని పుస్తకం గురించి మాట్లాడాలంటున్నారు. మీరొస్తే బాగుంటుంది."

ఇంజనీరుగారు వెళ్ళేసరికి, చదువుకునే హాల్లో కిటికీ పక్క బల్ల దగ్గర ఒక పెద్దావిడ కూర్చుని ఉంది. కళ్ళజోడు దారంతో మెడకి వేలాడుతోంది. ముందు మూడు కవర్లు, అంచులు కలిపి పేర్చి ఉన్నాయి. ప్రెస్సులో ముప్పై ఏళ్ళు ప్రూఫులు దిద్ది రిటైరయ్యానని చెప్పింది.

"ఈ మూడు నోటీసులూ మూడు లైబ్రరీల నుంచి వచ్చాయండి," అంది. "మూడూ ఒకే పుస్తకం అడుగుతున్నాయి. తేనెటీగల పెంపకం. నాలుగేళ్ళుగా తిరిగివ్వలేదట. మీ లైబ్రరీ వేసిన జరిమానాకి ఒక బీరువా కొనుక్కోవచ్చు."

"ఏదో పొరపాటు జరిగుంటుందండి. ఇప్పుడే కొట్టేయిస్తాను," అన్నారు ఇంజనీరుగారు.

"ఆ పుస్తకం ఏ లైబ్రరీలోనూ లేదు. అసలు లోకంలోనే లేదు. నేనే పుట్టించాను."

ఇంజనీరుగారు కుర్చీ అంచు పట్టుకున్నారు.

ఆవిడ నెమ్మదిగా, పిల్లలకి చెప్పినట్టు చెప్పింది. రిటైరయ్యాక ఊరికే కూర్చోలేక, లైబ్రరీల కోసం ఎవరో ఊరికే ఇస్తున్న సాఫ్ట్‌వేరుని తెలుగు చెయ్యడం మొదలుపెట్టింది. రెండేళ్ళు పట్టింది. అక్షరాలు సరిగ్గా పడుతున్నాయో లేదో చూసుకోవడానికి ఒక నమూనా సభ్యురాలు కావలసొచ్చింది. పరాయి మనిషి పేరెందుకని తన పేరే, తన ఇంటి నంబరే ఇచ్చింది. ఒక నమూనా పుస్తకం కావలసొస్తే తేనెటీగలు తట్టాయి. వాడుకునేముందు ఆ రెండూ తీసెయ్యండని వాడే విధానం మొదటి పేజీలోనే రాసింది.

"మొదటి పేజీ చూశారా?" అంది.

ఇంజనీరుగారు చూడలేదు. ఆయన నేరుగా అరవై ఒక్క పేర్ల పేజీకి వెళ్ళిపోయారు.

లైబ్రేరియన్ మేడమ్ ఒకసారి ఆవిడ వంక, ఒకసారి ఆయన వంక చూసింది. "అంటే సార్, ఇది మీరు చేసింది కాదా?" అని అడిగింది. ఆయన ఆ ప్రశ్నని దాటేసి పెద్దావిడ వైపు తిరిగారు. "కేసు పెడతారా అండీ?" అన్నారు.

"ఎందుకూ?"

"అమ్ముకుంటున్నందుకు."

"అమ్ముకోండి. అమ్ముకోవచ్చని లైసెన్సులో రాసే ఇచ్చాం. చదవలేదా?"

"పొడుగ్గా ఉందండి."

"నాలుగు పేజీలు. తెలుగు చేసింది నేనే. సులువుగానే ఉంటుంది." ఆవిడ కళ్ళజోడు తీసి తుడుచుకుంది. "మీ ఇష్టమొచ్చిన ధరకి అమ్ముకోండి. కొనేవాళ్ళుంటే నాకేం నొప్పి? కానీ చేసినవాళ్ళ పేర్లు తీసెయ్యకూడదు. కొన్నవాళ్ళు లోపలి కోడు అడిగితే ఇవ్వాలి. వాళ్ళు ఇంకొకరికి ఊరికే ఇచ్చుకుంటామంటే అడ్డం చెప్పకూడదు. ఆ ఎర్ర వాక్యం తీసెయ్యాలి. అంతే."

ఇంజనీరుగారి గుండె మీది బండ దిగినట్టే దిగి, మళ్ళీ ఎక్కి కూర్చుంది. జరిమానా అడిగితే అప్పో సప్పో చేసి కట్టేవారు. కేసంటే వాయిదాలు వేయించుకునేవారు. ఈవిడ పేర్లు అడుగుతోంది. అరవై ఒక్క పేర్లు తిరిగొస్తే మామగారి ముందు తన పేరు ఎక్కడ పెట్టుకోవాలి?

"చివర్లో ఎక్కడైనా చిన్న అక్షరాల్లో వేస్తే సరిపోదా అండీ?"

"చిన్న అక్షరాలు చదివే నా కళ్ళు ఇలా అయ్యాయి."

"పోనీ ఓ పది రోజులు టైమివ్వండి. ఒక మీటింగుంది, అది అయిపోగానే..."

"అంటే అమ్మేశాక."

"ఎల్లుండేనమ్మా మీటింగు," అంది లైబ్రేరియన్ మేడమ్, మంచికే అనుకుని.

"అయితే ఎల్లుండి వరకూ ఉంటాను," అంది ప్రూఫులావిడ. "ఈ ఊళ్ళో మా పెదనాన్న కూతురుంది. ఎప్పుడూ రమ్మంటుంది."

మర్నాడు పొద్దున్నే ఇనప మెట్ల మీద చెప్పుల చప్పుడు. మామగారు. లైబ్రేరియన్ మేడమ్ చెప్పిన పని చెప్పినట్టే చేస్తుంది, అడిగిన సంగతి అడిగినట్టే చెప్తుంది.

మామగారు కత్తిరింపు బల్ల పక్క స్టూలు మీద కూర్చుని చాలాసేపు చేతికర్ర తలని నిమిరారు. దొంగతనం చేశావా అని అడుగుతారనుకున్నారు అల్లుడు. ఆయన అడిగింది వేరు.

"ఎక్కడా లేదా నీ పేరు? ఒక్కచోట కూడా?"

"లేదండి మామగారూ."

"పదకొండు సభల్లో చెప్పాను నేను." ఆయన గొంతు తగ్గించారు. "ఆవిడ ప్రెస్సు మనిషి కదా, సైజులూ అవీ తెలిసే ఉంటాయి. పైన నీ పేరు పెద్దగా వేసి, కింద 'సహకరించినవారు' అని మిగతావాళ్ళని వేస్తే ఒప్పుకోదంటావా? నేను వచ్చి మాట్లాడనా?"

పిల్లలు పక్కవాడి పలక చూసి రాస్తే ముప్పై అయిదేళ్ళు చెవులు మెలిపెట్టిన మనిషి ఆయన. కూతురు మిషను ఆపింది.

"నాన్నా, నేను రోజుకి ఇరవై చొక్కాలకి చేతులు కురచ చేస్తాను. చొక్కా నేనే నేశానని ఎవరికైనా చెప్పానా? చేతులు కురచ చేసినందుకు డబ్బులు తీసుకుంటాను. ఎవరూ దొంగ అనలేదు."

"నువ్వూరుకో. ఇది వేరు," అన్నారు మామగారు.

"వేరే. నేను చేసినదానికి తీసుకుంటాను. మీ అల్లుడుగారు చెయ్యనిదానికి తీసుకుని, చేసినదాన్ని ఊరికే ఇస్తారు." ఆవిడ మొగుడి వైపు తిరిగింది. "ఏమండీ, మొన్న వానలో తడుస్తూ ప్రింటరు ఒళ్ళో పెట్టుకుని వచ్చారే, అది ఎవరి పని? ఆ అరవై ఒక్కమందిలో ఎవరైనా వచ్చారా? దానికి ఫ్రీ అని రాసుకుంటారు. చెప్పుకోండి ఆ మాట."

"అది మెకానిక్ పని," అన్నారు ఇంజనీరుగారు.

"అయితే?"

మామగారు కిటికీలోంచి బజారు చూస్తూ కూర్చున్నారు. మెకానిక్ అన్న మాట ఆ ఇంట్లో ఎవరూ పలకక పదేళ్ళు దాటింది.

ఆ మధ్యాహ్నం ఇంజనీరుగారు ఎర్ర వాక్యాన్ని తీసేసి, పేర్ల పేజీని మళ్ళీ యథాస్థానంలో పెట్టారు. చెరపడానికి ఒక మీట పట్టింది, తిరిగి పెట్టడానికి మూడు. పెట్టాక, చేతులు ఖాళీగా ఉండి, మొదటిసారి చదివారు. కొందరు పూర్తి పేర్లు రాశారు, కొందరు ముద్దుపేర్లు. ఒకాయన తన పేరు పక్కన "తేదీల లెక్కలు మాత్రమే" అని వినయంగా రాసుకున్నాడు. నలభయ్యో పేరు పక్కన "ఈయన ఇప్పుడు లేరు, ఈయన రాసిన భాగం ఉంది" అని ఉంది. చచ్చిపోయినవాడి పేరు కూడా చెరిపానా అనుకోగానే ఇంజనీరుగారికి వెన్నులో చలి పుట్టింది. పశ్చాత్తాపమని చెప్పడం కష్టం. ఆయనకి చిన్నప్పటి నుంచీ దెయ్యాలంటే భయం. ఏదైతేనేం, ఆ పేరుని ఇంకోసారి సరిచూసుకున్నారు.

మీటింగు రోజు హాల్లో గోడమీద తెర వెలిగింది. అధ్యక్షులు, అయిదుగురు సభ్యులు, లైబ్రేరియన్ మేడమ్. వెనక బెంచీలో ప్రూఫులావిడ. సృష్టికర్త తీర్మానం టైపు చేసిన కాగితం మామగారి ముందు బోర్లించి ఉంది.

ఇంజనీరుగారు పేజీ తెరిచారు. పేర్లు ఒక్కొక్కటే పైకి జరగసాగాయి. సభ్యులు ఓపిగ్గా చూశారు. ఇరవై దాటాయి, నలభై దాటాయి. పెళ్ళి గ్రూపు ఫోటోలో తమవాణ్ణి వెతికినట్టు అందరూ ముందుకి వంగారు. పేర్లు అయిపోయాయి.

"ఇందులో మీరెక్కడండీ?" అన్నారు బట్టల షాపు సభ్యుడు.

మామగారు ఫ్యాను వంక చూస్తున్నారు. ఇంజనీరుగారికి వెనక బెంచీ నుంచి ఆవిడ ఏమైనా అంటే బాగుండుననిపించింది. ఆవిడ కళ్ళజోడు పెట్టుకుని తెర చూస్తోంది.

"లేనండి," అన్నారు. "ఇది నేను రాయలేదు. నెట్‌లో ఊరికే దొరుకుతుంది. దాన్ని తెలుగు చేసింది వెనక కూర్చున్న ఆవిడ. నేను తెచ్చి పెట్టాను. వీళ్ళ పేర్లు తీసేసి నా పేరు పెట్టుకున్నాను. తప్పు చేశాను."

ఆయన తిట్లకోసం తల వంచుకున్నారు. కానీ అందరి చెవులూ తప్పు అన్న మాట దగ్గర ఆగలేదు. అంతకుముందున్న ఊరికే దగ్గరే ఆగిపోయాయి.

"ఊరికేనా?" అన్నారు బట్టల షాపు సభ్యుడు.

"పూర్తిగా ఊరికేనా? పన్నెండు చోట్లకీ?" అన్నారు పక్కాయన.

"అయితే ఇంక కొనడమేంటి? ఎంచక్కా పెట్టేసుకుందాం."

నీతి నియమాల గురించి ఒక్క ప్రశ్న కూడా రాలేదు. రెండు నిమిషాల్లో అయిదుగురూ ప్రూఫులావిడ వైపు తిరిగిపోయారు. "అమ్మా, మీరెలాగూ వచ్చారు కదా. పన్నెండు బ్రాంచీలకీ వెళ్ళి పెట్టేసిపోతారా? మీది ఉచిత సేవే కదా."

"సాఫ్ట్‌వేరు ఉచితం," అంది ఆవిడ. "నా మోకాళ్ళు కాదు."

అప్పుడు లైబ్రేరియన్ మేడమ్, మీటింగుల్లో ఎప్పుడూ నోరెత్తని మనిషి, కుర్చీలో కదిలింది. "ప్రింటరు ఆగిపోతే ఎవరొస్తారండీ?"

"ఎవరేంటి, ఇంజనీరుగారు వస్తారు," అన్నారు పక్కాయన. "బిల్లులో సర్వీసు ఫ్రీ అని ఉందిగా. నేను చూశాను."

అందరూ నవ్వుతూ ఆయన వైపు చూశారు. మామగారు కూడా చూశారు. ఆ చూపులో ఒక బేరం ఉంది: ఊరికే చేస్తానంటే దానమవుతుంది, పేరు నిలబడుతుంది. డబ్బులు అడిగితే కూలి.

ఇంజనీరుగారు వేళ్ళు ముడుచుకున్నారు.

"ఫ్రీ కాదండి."

"ఇన్నాళ్ళూ ఊరికే చేశారుగా?"

"ఇన్నాళ్ళూ సాఫ్ట్‌వేరుకి తీసుకున్నాను కాబట్టి. ఇప్పుడు అది ఊరికే. వచ్చి పెట్టినందుకు, నేర్పినందుకు, ఆగినప్పుడు బాగుచేసినందుకు నెలకింతని ఇవ్వాలి." ఆయన ఊపిరి తీసుకున్నారు. "నేను మెకానిక్‌నండి. ఆ పని నాకు బాగా వచ్చు."

కమిటీ ముప్పావుగంట గీచి గీచి బేరమాడింది. కోటు తొడుక్కున్నవాడికి అడిగినంతా ఇచ్చిన అయిదుగురు, స్క్రూడ్రైవరు పట్టుకున్నవాడి దగ్గర అణా అణా లాగారు. చివరికి మూడేళ్ళ తిండి అనుకున్నది ఏడాది తిండికి వచ్చింది. మామగారు బోర్లించిన కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి జేబులో వేసుకున్నారు. వెళ్ళేటప్పుడు అల్లుడి స్కూటరు ఎక్కలేదు. బస్సులో వెళ్ళారు. నెల రోజులు ఆ ఇనప మెట్లు ఎక్కలేదు. ఆ తర్వాత ఒకనాడు తన పాత రేడియో పట్టుకుని వచ్చి, ఎవరి వంకా చూడకుండా, "ఇది పలకట్లేదు" అన్నారు.

ఊళ్ళో కొందరు ఇప్పటికీ ఇంజనీరుగారనే అంటారు. నోటికి అలవాటైన మాట. దాన్ని దిద్దేంత మంచితనం ఇంజనీరుగారికి ఇంకా రాలేదు.

మొన్నామధ్య ఒక ప్రైవేటు స్కూలు యజమానికి సాఫ్ట్‌వేరు చూపించడానికి మేడమీది ఆఫీసుకి వెళ్ళారు. పేర్లు ఒక్కొక్కటే పైకి జరుగుతుంటే యజమాని కళ్ళు పెద్దవయ్యాయి.

"ఇంతమంది మీ కింద పనిచేస్తున్నారా ఇంజనీరుగారూ? జీతాలెలా ఇస్తున్నారండీ?"

ఇంజనీరుగారి నాలిక చివరికి ఒక చిన్న "ఆ" వచ్చి కూర్చుంది. చాలా తియ్యగా ఉంది. చూసేవాళ్ళెవరూ లేరు, మామగారు లేరు, ప్రూఫులావిడ ఆవిడ ఊళ్ళో ఉంది. ఇచ్చిన టీ ఊదుకుంటూ, ఊదుకుంటూ తాగి, కప్పు కింద పెట్టారు.

"వాళ్ళు నావాళ్ళు కాదండీ," అన్నారు, పన్ను పీకించుకున్న మనిషిలా. "అది ఊరికే వస్తుంది. డబ్బులు నేను రావడానికి." నెలకి ఎంతవుతుందో చెప్పారు.

"ఊరికే వచ్చేదానికి అంతా?" అన్నారు యజమాని.

ఇంజనీరుగారు ల్యాప్‌టాప్ మూసి, సంచిలో పెట్టి, జిప్పుని అవసరమైనదానికన్నా నెమ్మదిగా లాగి, నమస్కారం పెట్టి బయటికి నడిచారు. మూడో మెట్టు దిగుతుండగా యజమాని వెనక్కి పిలిచారు.